పాలవ్యాను ఆయిలు తాగుతోందా?

సాయంత్రం పాలు ఎత్తుకొన్న వ్యాను దారిలో ఆగిపోతే, శీతలీకరణ కేంద్రం చేరేలోగా క్యాన్లలో పాలు పులిసిపోతాయి. నష్టం పాలు పోసిన సభ్యులదే. అందుకే సొంత వ్యాను ఉన్న సంఘాలకు మేము ఈ నాలుగు మాటలు చెబుతున్నాము.

ఆయిలు తగ్గుతోందనగానే ఇంజను విప్పించవద్దు. చదునైన చోట బండి ఆపి, పది నిమిషాలాగి, డిప్‌స్టిక్కు తుడిచి మళ్లీ ముంచి చూడండి. పైగీత దాటేలా పోసినా ఆయిలు వృథా అవుతుంది. ఎక్కువుంటే మంచిదేననే డ్రైవర్లు మనలో తక్కువేమీ కాదు! రాత్రి ఇంజను కింద అట్టముక్క పరచండి. తెల్లారి మరకలుంటే ఆయిలు కారుతున్నట్లే. గాస్కెట్టో, సీలో మార్పించాలి.

మరక లేకపోతే పొగ చూడాలి. నీలిపొగ అంటే ఆయిలు కాలుతోందన్నమాట. నల్లపొగ వేరు; అది డీజిలుకు తగిన గాలి చాలక వచ్చేది. ఉదయం స్టార్టు చేయగానే కాసేపు నీలిపొగ వచ్చి ఆగితే వాల్వు సీళ్లను అనుమానించాలి. బరువుతో మిట్ట ఎక్కేటప్పుడు ఎడతెగక వస్తే పిస్టన్ రింగులను. రింగులు అరిగితే, ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత వదులు చేసినప్పుడు గుప్పుగుప్పున పొగ తన్నుతుంది. మొహం దూరంగా పెట్టి చూడండి. అయితే బ్రీదరు గొట్టం పూడుకుపోయినా ఇలాగే తన్నవచ్చు. ముందు దాన్ని కడిగించండి, అది చవక పని.

రింగులు మార్చినా, మట్టిరోడ్ల దుమ్ము లోపలికి పోతే మళ్లీ అదే కథ. ఎయిర్ ఫిల్టరు చిరిగినా, దాని గొట్టం వదులైనా ఉపేక్షించవద్దు. ఆయిలు పోసిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్ల అంకె, ఎంత పోసిందీ వ్యాను పుస్తకంలో రాయించండి. మెకానిక్కు ముందుగా చూపవలసింది ఆ పుస్తకమే.