షాసే... సాషే అయ్యింది!

ర్యాంపు మీద మోడల్స్ నడుస్తారా? ఇంగ్లిషు పత్రికలవాళ్లనడిగితే ససేమిరా అంటారు. వాళ్ల రాతల్లో మోడల్స్ ఎప్పుడూ ‘సాషే’ చేస్తుంటారు. షాంపూ సాషే కాదండోయ్! అది ఫ్రెంచి వాళ్ల చిన్న సంచి. ఇది వేరే. అందరూ తననే చూడాలన్న ధీమాతో, నడుమూపుకుంటూ దర్జాగా నడవడం. ఇంత డాబు ఒలకబోసే ఈ మాట, నోరు తిరగక పుట్టిందంటే నమ్ముతారా?

అసలు మాట షాసే. ఫ్రెంచిలో ‘తరిమిన’ అని అర్థం. బ్యాలేలో అదో అడుగు. ముందు పాదం నేల మీద జారుతుంది. వెనక పాదం వచ్చి దాని చోటు లాక్కుంటుంది. ఒక పాదాన్ని రెండోది తరుముతుందన్నమాట.

ఐరోపా బృంద నృత్యాలతోపాటు ఆ అడుగూ అమెరికా చేరింది. అక్కడ ఆడేవాళ్లకు వరసలన్నీ గుర్తుండేవి కావు. అందుకే తర్వాత ఏం చేయాలో ఒకరు గట్టిగా కేకేసి చెప్పేవారు, మన కోలాటంలో గురువు ఈలేసి వరస మార్చినట్టు. ఈ కేకల పద్ధతికి మూలం నల్లజాతి ఫిడేలు కళాకారులేనంటారు నృత్య చరిత్రకారుడు ఫిల్ జేమిసన్, 2015లో వచ్చిన తన పుస్తకంలో. వాళ్లలో బానిసలెందరో! తెల్లదొరల విందుల్లో వాయించేది వీళ్లు, ఆడేది వాళ్లు. 1841లో అపహరణకు గురై పన్నెండేళ్లు లూసియానాలో బానిసగా బతికిన సాలమన్ నార్తప్ కూడా అలా ఫిడేలు వాయించినవాడే. 1853లో అచ్చయిన ఆయన ఆత్మకథే 2013లో సినిమాగా వచ్చింది.

ఇంతకీ షాసే సంగతి! అమెరికన్ల నోట అక్షరాలు తారుమారై సాషే అయింది, హాస్పిటల్ మనకు ఆసుపత్రి అయినట్టే. వీపుకి వీపు ఆనించినట్టు తిరిగే ‘డోజాడో’ కూడా ‘డోసీడో’ అయిపోయింది. సాషే క్రియగా 1836 నుంచే వాడుకలో ఉందంటుంది మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు. తర్వాత్తర్వాత నాట్యం వదిలేసి, వయ్యారపు నడకకు పేరైంది.

మరి తెలుగులో ఏమనాలి? హంసనడక మరీ నెమ్మది. ‘ఠీవిగా’ అంటే రాజసం వస్తుంది కానీ నడుము కదలదు. ఉన్నంతలో దగ్గరి చుట్టం ‘కులుకు’. మన పత్రికలు మాత్రం ‘క్యాట్‌వాక్ చేశారు’ అని చేతులు దులిపేసుకుంటాయి!

నల్లజాతి కళాకారుడు రూపాల్ 2009లో అమెరికాలో ఓ టీవీ పోటీ మొదలెట్టాడు. మగవాళ్లు ఆడవేషం కట్టి పోటీపడే కార్యక్రమమది. అందులో ఓడినవాళ్లను ‘వెళ్లిపో’ అనరు. ‘సాషే ఎవే’ అంటారు. తల దించుకోకుండా, వచ్చినప్పటి వయ్యారంతోనే వెళ్లమని.