మూర్ఛ ఉన్న కుక్కకు బిస్కెట్ వేయకండి

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా ఏ చాయ్ హోటల్ ముందు ఆగినా, ఎవరో ఒకరు మా కుక్క బ్రౌనీకి ఉస్మానియా బిస్కెట్ వేయబోతారు. నేను చెయ్యి అడ్డం పెడతాను. దానికి మూర్ఛ, పొటాషియం బ్రోమైడ్ వాడుతున్నాం. తిండిలో ఉప్పు ఒక్కసారిగా పెరిగితే ఆ మందు మూత్రంలో పోయి ఫిట్స్ తిరగబెట్టొచ్చు. హఠాత్తుగా తగ్గించినా ముప్పే, మందు ఒంట్లో పేరుకుపోతుంది. మూర్ఛకే ఇచ్చే మరో మందు ఫినోబార్బిటాల్ వాడే కుక్కకు ఆకలి విపరీతం. పాపం, అది ఎంత జాలిగా చూసినా కరగకండి.

చాక్లెట్ అసలే వద్దు. అందులోని థియోబ్రోమిన్ ఫిట్స్ తెప్పించగలదు. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లలో ఉండే జైలిటాల్ కూడా అంతే, రక్తంలో చక్కెరను పడగొడుతుంది.

నేను ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్‌ను, ఎముక తీసి, వేలిగోరంత ముక్కలు చేసి పెడతాను. బీన్స్ కూడా ఇష్టంగా నములుతుంది. నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల మనకు దగ్గరే. తిండి మార్చేముందు డాక్టర్‌ను అడగండి.