తలంబ్రాల దృశ్యం నెమ్మదించాలంటే ఏ సాఫ్ట్‌వేర్?

పెళ్లి వీడియోలో తలంబ్రాల ఘట్టాన్ని స్లో మోషన్‌లో చూడాలని చాలా కుటుంబాలు కోరుకుంటాయి. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, యానాంలోనైనా ఆ ఘట్టం ఒక్కసారే వస్తుంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉంటే చాలునన్న అభిప్రాయం సరికాదు. నాణ్యత చాలావరకు చిత్రీకరణలోనే నిర్ణయమవుతుంది.

ఫ్రేముల లెక్క

వీడియో అనేది నిశ్చల చిత్రాల వరుస. ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేము అంటారు. సెకనుకు 100 ఫ్రేములతో తీసిన దృశ్యాన్ని 25 వంతున ప్రదర్శిస్తే కదలిక నాలుగు రెట్లు నెమ్మదిస్తుంది. ప్రతి ఫ్రేమూ కెమెరా చూసినదే. 25 ఫ్రేములతోనే తీసిన దృశ్యాన్ని అంతే నెమ్మదింపజేస్తే, ప్రతి నాలుగింటిలో మూడు ఫ్రేములను సాఫ్ట్‌వేరే సమకూర్చవలసి వస్తుంది.

అందుకు మూడు పద్ధతులున్నాయి. ఉన్న ఫ్రేమునే మళ్లీ చూపడం మొదటిది. ఇందులో కదలిక కుదుపుగా ఉంటుంది. పక్కపక్క ఫ్రేములను కలపడం రెండవది. ఇందులో అంచులు నీడల్లా మసకబారుతాయి. కదలిక దిశను అంచనా వేసి కొత్త ఫ్రేమును కల్పించడం మూడవది. దీనినే ఆప్టికల్ ఫ్లో అంటారు. వధువు తల తిప్పడం వంటి సరళమైన కదలికకు ఇది చక్కగా పనిచేస్తుంది. గుప్పెడు తలంబ్రాలు ఒకేసారి రాలినప్పుడు మాత్రం ఏ గింజ ఎటు పోయిందో గుర్తించలేక పొరబడుతుంది. కోలాటం కర్రలు ఒకదానినొకటి దాటినప్పుడూ అంతే.

ఏది ఎవరికి?

ఎక్కువ ఫ్రేములతో తీసిన దృశ్యం చేతిలో ఉంటే ఉచితంగా లభించే షాట్‌కట్, కెడెన్‌లైవ్ సరిపోతాయి. తక్కువ ఫ్రేముల దృశ్యమే ఉన్నప్పుడు డావిన్సీ రిజాల్వ్ ఉచిత ప్రతిలోని ఆప్టికల్ ఫ్లోను ప్రయత్నించవచ్చు. అయితే దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు గల కంప్యూటర్ అవసరం. అడోబీ ప్రీమియర్‌లోనూ ఈ సదుపాయం ఉంది గాని చందా కట్టవలసి ఉంటుంది. ఫైనల్ కట్ ప్రో ఆపిల్ పరికరాలకే పరిమితం. ఏడాదికి ఒకటి రెండు శుభకార్యాల వీడియోలు చేసుకునే ఇంటికి చందా భారం అనవసరం.

దీపాలతో జాగ్రత్త

మన దేశపు విద్యుత్తు 50 హెర్ట్జ్. కొన్ని దీపాల కాంతి సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. ఫోన్లలో సాధారణంగా ఉండే 120 ఫ్రేముల వేగంతో అటువంటి దీపాల కింద తీస్తే దృశ్యం మినుకుమినుకుమంటుంది. కెమెరాలో 50 లేదా 100 ఫ్రేముల ఎంపిక ఉంటే దానినే వాడాలి. లేకపోతే పగటి వెలుతురు మేలు.

పాత క్యాసెట్ల సంగతి

వీహెచ్‌ఎస్, మినీడీవీ క్యాసెట్లలోని పెళ్లిళ్లకూ కొంత అవకాశముంది. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో ప్రతి ఫ్రేమూ రెండు అర్ధభాగాలుగా, వేర్వేరు క్షణాలలో నమోదవుతుంది. అంటే సెకనుకు 50 క్షణాలు భద్రమై ఉంటాయి. ఆ అర్ధభాగాలను కలిపివేయకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఉచిత సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌లోని డీఇంటర్‌లేస్ విభాగంలో 'బాబ్' పద్ధతిని ఎంచుకుని, ఫ్రేముల వేగాన్ని 50గా ఉంచాలి. అప్పుడు కల్పిత కదలిక లేకుండానే సగం వేగానికి నెమ్మదించవచ్చు.

డబ్బు చెల్లించే ముందు పది సెకన్ల ముక్కను ఉచిత ప్రతులలో పరీక్షించి, వేళ్ల అంచులనూ రాలే గింజలనూ గమనించాలి. అసలు ఫైలును మాత్రం చెరపరాదు. తలంబ్రాల దృశ్యాన్ని మళ్లీ తీయడం ఎవరికీ సాధ్యం కాదు.