వెళ్తూ వెళ్తూ ఇచ్చి వెళ్లాడు

కుందుర్పి దాటి కాస్త ముందుకెళ్తే కర్ణాటకే. పెద్ద జబ్బొస్తే ఇటువైపు వాళ్లు బెంగళూరు బస్సెక్కడం మామూలే. ఆ బెంగళూరులోనే 2021లో జరిగిందీ సంగతి.

సంచారి విజయ్ కన్నడ నటుడు. 'నాను అవనల్ల అవళు' సినిమాకు జాతీయ ఉత్తమ నటుడు. పేరొచ్చింది కదా అని ఇంట్లో కూర్చోలేదు. కరోనా రోజుల్లో స్నేహితులతో కలిసి, ఆక్సిజన్ అందక అల్లాడేవాళ్ల కోసం తిరిగాడు. జూన్ 12 రాత్రి బైకు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలింది. రెండ్రోజులకు 'బ్రెయిన్ డెడ్' అన్నారు డాక్టర్లు. నిండా ముప్పై ఎనిమిదేళ్లు లేవు. అంత దుఃఖంలోనూ ఇంటివాళ్లు అవయవదానానికి ఒప్పుకున్నారు.

బ్రెయిన్ డెడ్ అంటే కోమా కాదు. మెదడు పూర్తిగా ఆగిపోతుంది, ఇక మనిషి తిరిగి రావడం ఉండదు. వెంటిలేటర్ మీద గుండె కొంతసేపు కొట్టుకుంటుంది, అంతే. నలుగురు డాక్టర్లు, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాకే ఆ మాట చెబుతారు. అలాంటి ఒక్కరి వల్ల ఎనిమిది మంది దాకా బతకొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఏర్పాట్లు చూసేది 'జీవన్‌దాన్'.

కార్డు మీద సంతకం పెట్టినా, ఆఖరున ఇంటివాళ్లు ఊ అనాలి. ఆ వేళ డాక్టరు అడిగేది తల్లినో, భార్యనో. మనసులో మాట ముందే తెలియకపోతే ఆమె ఏమని చెబుతుంది? అందుకే, అందరూ అన్నానికి కూర్చున్నప్పుడే మీ మాట చెప్పండి, వాళ్ల మాటా అడగండి. అశుభం అనుకోకండి.

అలాగే, అబ్బాయి బండి తీసేటప్పుడు హెల్మెట్ పెట్టుకోమనడం మాత్రం మరవకండి.