రాసుకుపూసుకు తిరిగే మాటలు

ఇద్దరు మరీ రాసుకుపూసుకు తిరుగుతుంటే ‘ఒకే కంచం, ఒకే మంచం’ అంటాం కదా, ఇంగ్లిష్‌లో ‘చమ్’ పుట్టుక కూడా అలాంటిదే. పదిహేడో శతాబ్దపు ఆక్స్‌ఫర్డ్‌లో తనతో గది పంచుకునేవాణ్ని ‘ఛాంబర్ ఫెలో’ అనేవారు. అదే అరిగి చమ్ అయి ఉంటుందని నిఘంటుకారుల అంచనా. ‘చమ్మీ’ అన్నారంటే మాత్రం చనువు కాస్త శ్రుతి మించిందని అర్థం.

ఆ రోజుల్లోనే కేంబ్రిడ్జ్ విద్యార్థుల నోట ‘క్రోనీ’ పలికింది. చాలాకాలం నిలిచేది అనే గ్రీకు మాటే దీనికి మూలమంటారు. శామ్యూల్ పీప్స్ 1665 నాటి డైరీలో తన పాత బడి నేస్తాన్ని ఈ మాటతోనే తలుచుకున్నాడు. 1840 ప్రాంతంలో ‘క్రోనీయిజం’ అంటే ఉత్త స్నేహమే. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ సొంత మనుషులకు పదవులు కట్టబెడుతున్నాడని పత్రికలు విరుచుకుపడ్డాక దానికి మచ్చ పడింది. 1980లలో ఫిలిప్పీన్స్‌ను ఏలిన మార్కోస్ అనుయాయుల పుణ్యమా అని ‘క్రోనీ క్యాపిటలిజం’ లోకమంతా పాకింది. మన పత్రికలు ఆశ్రిత పెట్టుబడిదారీ విధానం అని రాసేది దీన్నే. బడి స్నేహానికి పెట్టుకున్న పేరుకు ఈ గతి పట్టడం నాకు బాధగానే ఉంటుంది.

‘థిక్ యాజ్ థీవ్స్’ వినగానే మనకు తోడుదొంగలు గుర్తొస్తారు. ఈ దొంగలకంటే ముందు ఇంగ్లండ్‌లో ఆ పోలిక ‘ఇంకిల్’ నేతగాళ్లకు దక్కింది. ఇంకిల్ అంటే నారతో నేసే సన్నని పట్టీ. దాని మగ్గం వెడల్పు తక్కువ. అందుకే నేసేవాళ్లు భుజం భుజం ఆనించుకుని కూర్చునేవారని, వాళ్లలా కలిసిపోయారనే సామెత అలా వచ్చిందని చెబుతారు. జొనాథన్ స్విఫ్ట్ 1738లో వేసిన పుస్తకంలో ఆ సామెత ఉంది. మగ్గం గుంటలో కూర్చుని నేసే ఊళ్లున్న మనకు ఆ దృశ్యం ఇట్టే అర్థమవుతుంది. దొంగలు 1830లకల్లా ఆ నేతగాళ్ల చోటు ఆక్రమించారు.

‘పాల్’ మనకు దూరపు చుట్టం. వెయ్యేళ్ల కిందట భారతదేశం నుంచి పడమటికి వెళ్లిన రోమా ప్రజల భాషలో ‘ఫ్రాల్’ అంటే సోదరుడు. సంస్కృత ‘భ్రాత’ దాని మూలం. 1914లో బ్రిటన్ ఈ మాటతోనే సైన్యాన్ని సమకూర్చుకుంది. ఒకే వీధివాళ్లు, ఒకే మిల్లు పనివాళ్లు కలిసి చేరితే కలిసే పోరాడవచ్చని మాటిచ్చి ‘పాల్స్ బెటాలియన్లు’ కట్టింది. 1916 జులై 1న ఫ్రాన్స్‌లోని సెర్ గ్రామం దగ్గర అక్రింగ్టన్ పాల్స్ సుమారు 700 మంది ముందుకు కదిలితే, 584 మంది చనిపోవడమో గాయపడడమో గల్లంతవడమో జరిగింది. అక్రింగ్టన్ అనే ఆ చిన్న పట్టణంలో వీధి వీధికీ ఒకేసారి చావు కబురు చేరింది. నిర్బంధ సైనిక సేవ వచ్చాక అలా స్నేహితులను కట్టగట్టి చేర్చుకోవడం ఆగిపోయింది.

కుమ్మక్కయ్యారని చెప్పడానికి వాడే ‘హ్యాండ్ ఇన్ గ్లోవ్’ మొదట ‘హ్యాండ్ అండ్ గ్లోవ్’.

మగవాళ్ల గాఢ స్నేహానికి వాడే ‘బ్రోమాన్స్’ను 1990లలో అమెరికాలో ఓ స్కేట్‌బోర్డింగ్ పత్రిక సంపాదకుడు పుట్టించాడంటారు. అదీ, ఎప్పటికీ ప్రాణస్నేహితులమని చెప్పే ‘బీఎఫ్ఎఫ్’ (బెస్ట్ ఫ్రెండ్స్ ఫరెవర్) కూడా 2010లో న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ డిక్షనరీలోకి ఎక్కాయి. స్నేహితుడో శత్రువో తేలని ‘ఫ్రెనెమీ’ నేటి కుర్రకారు సృష్టి అనుకుంటాం గానీ, 1953లోనే కాలమిస్ట్ వాల్టర్ వించెల్ రష్యన్లకు ఆ పేరు పెడితే ఎలా ఉంటుందని అడిగాడు.