చిన్న పట్టణమున వసంతాగమనము – రైతు గమనింపదగిన విషయములు

చైత్ర వైశాఖ మాసములు రెండును వసంతర్తువని పంచాంగము చెప్పుచున్నది. అయినను వసంతము వచ్చుటను పట్టణవాసి యొక విధముగను, రైతు మరియొక విధముగను గుర్తింతురు. పట్టణవాసికి అది కొనుగోళ్ల కాలము; రైతునకు అమ్మకముల కాలము. ఈ రెండును ఒకే వారములో, ఒకే వీథిలో కలిసికొనును. ఆ కలయికలో లాభము ఎవరికి చేరుచున్నది, రైతునకు ఏల తక్కువగా చేరుచున్నది, సహకార సంఘము దానిని ఎట్లు చక్కబెట్టవచ్చును అని విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇందుకు ఉదాహరణముగా అనకాపల్లి పట్టణమును గైకొందము.

అనకాపల్లి శారదానది యొడ్డున, హౌరా–చెన్నై రైలుమార్గము మీదను, 16వ నెంబరు జాతీయ రహదారి మీదను ఉన్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి అది జిల్లాకు ముఖ్యపట్టణమైనది. అయినను దాని పేరు దేశమున వ్యాపించుటకు కారణము బెల్లపు బజారు. 1913లో చెరకు పరిశోధనకై ఇచ్చట స్థాపింపబడిన క్షేత్రము నేటికిని వ్యవసాయ విశ్వవిద్యాలయము క్రింద పనిచేయుచున్నది. చెరకు విస్తీర్ణము పూర్వముకంటె తగ్గినను, ఈ పట్టణపు సంవత్సరము ఇప్పటికిని చెరకుతోనే నడచుచున్నది.

పండుగకు చంద్రుడు, పంటకు సూర్యుడు

ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమినాడు వచ్చును. ఇది చాంద్రమానము. అందుచేత ఇంగ్లీషు తేదీలలో పండుగ ముందునకు వెనుకకు జరుగుచుండును. 2024లో ఉగాది ఏప్రిల్ 9వ తేదీన వచ్చినది; 2025లో మార్చి 30వ తేదీన; 2026లో మార్చి 19వ తేదీన. రెండేండ్లలో ఇరువదియొక్క దినముల వ్యత్యాసము!

కాని చెట్టునకు పాడ్యమి తెలియదు. వేప మాఘ ఫాల్గుణములలో ఆకు రాల్చి, ఎండ హెచ్చిన కొలది చిగిర్చి పూయును. మోదుగ ఆకు లేకయే ఎర్రగా పూయును. కానుగ లేతాకు తొడుగును. ఇవన్నియు సూర్యగతి ననుసరించి జరుగునవి. మన పెద్దలు సేద్యమునకు కార్తెలను పెట్టుకొనుటకు కారణమిదియే. మార్చి మధ్యమున ఉత్తరాభాద్ర, నెలాఖరున రేవతి, ఏప్రిల్ మధ్యమున అశ్విని, ఇట్లు కార్తెలు ప్రతి సంవత్సరము ఇంచుమించు ఆ తేదీలకే వచ్చును.

దీనివలన రైతు గ్రహింపదగినదేమనగా, పొలము పనికి కార్తె చూడవలెను; అమ్మకమునకు తిథి చూడవలెను. పండుగ మార్చిలోనే వచ్చిన యేడు గానుగలింకను ముమ్మరముగా ఆడుచుండును. మామిడి పిందె చిన్నది. వేపపూత కొన్ని చెట్లకే వచ్చియుండును. ఏప్రిల్‌లో వచ్చిన యేడు గానుగాట ముగింపునకు వచ్చును, మామిడికాయ ముదురును. ఏ యేడు ఏది కొరతయో, ఏది మిక్కుటమో పంచాంగము చేతబట్టుకొని నాలుగు నెలలు ముందుగానే చెప్పవచ్చును. ఇంత సులభమైన లెక్కను మనలో అనేకులు వేయరు.

పట్టణపు దినచర్య

ఫాల్గుణము వచ్చుసరికి పట్టణమున నడవడి మారును. ప్రొద్దుటి పని ఇంకను ప్రొద్దుటికి జరుగును. బెల్లపు యార్డునకు తెల్లవారకమునుపే లారీలు, ట్రాక్టరులు, ఆటోలు వచ్చి నిలుచును. కళాసీలు దిమ్మలను దింపి వరుసలు పేర్తురు. వర్తకులు రంగు చూచి, గిల్లి చూచి ధర కట్టుదురు. ఎండ నెత్తికెక్కులోపల బేరములు ముగియును.

వీథులలో వేపాకు రాలి గుట్టలగును. ఇల్లాండ్రు క్రొత్త చింతపండు కొని, అరుగులమీద కూర్చుండి గింజ తీయుదురు. మేడలమీద మిరపకాయలు ఎండుచుండును. కుమ్మరివారి కుండలు, కూజాలు బజారున కెక్కును. సాయంకాలము మల్లెపూలు వచ్చును. చెరకురసపు బండ్లవద్ద జనము పోగగుదురు. ఉగాదికి ముందటిరోజైన క్రొత్త అమావాస్యనాడు నూకాలమ్మవారి జాతర ఆరంభమై నెల దినములు సాగును. చుట్టుపట్ల గ్రామములనుండి జనము తరలివత్తురు.

ఈ జనమంతయు ఏదో యొకటి కొనుటకే వచ్చుచున్నది. కొనుచున్న సరకు రైతు పండించినదే. అయినను అమ్ముచున్న చేయి మాత్రము రైతుది కాదు. ఉదయము యార్డులో దిమ్మనమ్మిన రైతు మధ్యాహ్నము అదే వీథిలో చిల్లర దుకాణమున పండుగ సరకులు కొని, చేతిలోని పైకము ఖర్చుచేసికొని యింటికి పోవుచున్నాడు. రెండు బేరములలోను ధర నిర్ణయించువాడు తాను కాడు.

ఉగాది పచ్చడిలోని పంటలు

సంవత్సరములో ఒక్క దినము మాత్రము ధనికుని యింటను, బీదవాని యింటను ఒకే వంటకము తప్పక చేయబడును. అది ఉగాది పచ్చడి. అందలి వస్తువులను రైతుదృష్టితో చూతము.

వేపపువ్వు: ఇది ఎవరును పండింపనిది. చెట్టు క్రింద గుడ్డ పరచి దులిపిన చాలును. పూత కొంత నిలిపినచో జూన్, జూలై నెలలలో పండ్లు రాలును. ఆ గింజలతో తీసిన 5 శాతము కషాయము అనేక పురుగులకు మందగును. కావున కొమ్మలు విరువరాదు.

చింతపండు: మన్యమున ఈ నెలలలోనే దిగును. 1956లో ఏర్పడి, విశాఖపట్టణము కేంద్రముగా పనిచేయుచున్న గిరిజన సహకార సంస్థ ఈ చింతపండును గిరిజనులవద్ద కొని పట్టణములలో అమ్ముచున్నది. అడవిలో చెట్టెక్కినవానికిని పట్టణమున పులుసు కాచు ఇల్లాలికిని నడుమ సహకార సంస్థ నిలువవచ్చునని ఇది నిదర్శనము.

మామిడికాయ: ఉగాది కాయ సాధారణముగా గాలికి రాలినదియో, పలుచచేయుటకు కోసినదియో అయియుండును. తేనెమంచు పురుగునకు, బూడిద తెగులునకు మందు చల్లిన తోటలో, ఆ మందుడబ్బాపై వ్రాసిన గడువు దినములు గడచినగాని కాయ కోయరాదు. రాలినకాయకును ఇదే నియమము. పండుగనాడు పసిపిల్లలు తినునది గదా!

ఉప్పు: శ్రీకాకుళము జిల్లా నౌపడ వంటి తీరస్థలముల మళ్లలో ఎండలు ముదిరిన కొలది తేరును. మిరప కళ్లములనుండి వచ్చును. ఇక మిగిలినది బెల్లము. ఇది మన ముఖ్యవిషయము.

బెల్లము – రంగు, గుణము

వసంతపు ఎండ బెల్లమునకు శత్రువు. చలికాలమున కొట్టిన చెరకు ఒకరోజు ఆగినను అంత నష్టము లేదు. మార్చి ఎండలో కొట్టిన చెరకు త్వరగా బరువు తగ్గుటయేకాక, దానిలోని చక్కెర విరిగి, పాకము గట్టిపడని స్థితికి వచ్చును. అట్టి బెల్లము మెత్తబడి, చెమ్మగిల్లి, నల్లబడును. కాబట్టి యీ నెలలో గానుగకు ఆడగలిగినంత చెరకునే కొట్టవలెను. కొట్టినది ఇరువదినాలుగు గంటలలోపల ఆడవలెను. అంతవరకు నీడను ఉంచి ఆకు కప్పవలెను.

ఇట్లు జాగ్రత్తపడనివారు రంగుకొరకు హైడ్రోసు, అనగా సోడియం హైడ్రోసల్ఫైటు, పాకములో కలుపుచున్నారు. బెల్లము పసుపుపచ్చగా తేలి ఆ పూట మంచి ధర పలుకును. కాని ఆ రంగు నిలువదు. నిలువచేసిన కొలది మారును. గంధకపు శేషము తినువారి కడుపులోనికి పోవును. ఇందుకు ప్రభుత్వము పరిమితి విధించినది. బెండమొక్క కాండమును నలిపి తీసిన జిగురుతో మడ్డి చక్కగా తేలును. శుభ్రమైన సున్నపుతేట తగుమాత్రము కలిపి, తేలిన మడ్డిని ఎప్పటికప్పుడు తీసివేసి, పాకమును సుమారు 118 డిగ్రీల సెంటిగ్రేడు వేడివరకు రానిచ్చి దింపిన, గట్టి దిమ్మ వచ్చును. ఇది కొంచెము గోధుమరంగుగా నుండును. యార్డులో రంగు చూచి ధర కట్టుటచేత ఈ మంచి బెల్లమునకే తక్కువ ధర వచ్చుచున్నది. నిజాయితీగా వండిన రైతు నష్టపడుట యెంత అన్యాయము!

అయితే, ఇంట తినువారికి రంగు ముఖ్యమా? ఇటీవల పట్టణములలో మందు కలుపని బెల్లమును వెదకి కొనువారు పెక్కుమంది కలరు. వారికి రైతు కనబడడు. రైతునకు వారు కనబడరు. వీరిద్దరును ఒకే వీథిలో నడచు వారము ఉగాది వారమే.

సంఘము చేయదగినది

పది టన్నుల చెరకునుండి సుమారు ఒక టన్ను బెల్లము వచ్చుననుకొందము. అందు నూరు కిలోలను పెద్ద దిమ్మలుగా గాక అరకిలో అచ్చులుగా పోసినచో రెండువందల కుటుంబములకు పండుగకు సరిపోవును. ఒక్క రైతు నూరు కిలోలు చిల్లరగా అమ్మలేడు. పదిమంది సభ్యులు తలకొక నూరు కిలోలు ఇచ్చినచో, సంఘము పండుగకు ముందు వారము దినములు బజారున నొక తాత్కాలికపు అంగడి పెట్టి రెండువేల కుటుంబములకు అందింపగలదు. దానితోడనే గడువు పాటించి కోసిన మామిడికాయ, శుభ్రపరచిన వేపపువ్వు, క్రొత్త చింతపండు చేర్చి యొక పొట్లముగా నమ్మవచ్చును. పొట్లముపై సంఘము పేరు, వండిన తేదీ, హైడ్రోసు కలుపలేదను మాట అచ్చువేయింపవలెను. ఈ మాట అచ్చువేయించిన పిమ్మట ఒక్క సభ్యుడు తప్పినను అందరి పరువు పోవును. కావున వంటకాలమున ఇద్దరు సభ్యులు పొయ్యిలవద్దకు పోయి స్వయముగా చూచి రావలెను.

మిగిలిన తొంబది పాళ్ల బెల్లము మాట యేమి? పండుగ ఖర్చులకు చేయి చాచి, ధర పడియున్న దినమున అంతయు అమ్మివేయుట మనకు అలవాటు. సంఘమునుండి సరకుపై కుదువ అప్పు దొరకిన, కొంత నిలుపవచ్చును. కాని నిలుపుటకు ముందు మూడు లెక్కలు కలిపి చూడవలెను: అప్పుమీది వడ్డి, గిడ్డంగి బాడుగ, తరుగు. ఈ మూడింటి మొత్తముకంటె రాగల ధరపెరుగుదల హెచ్చని నమ్మకమున్నపుడే నిలుపుట లాభము. మెత్తని బెల్లమును ఎన్నటికి నిలుపరాదు; అది వానకాలపు గాలికి చెమ్మ పీల్చి కారును. గట్టిదానిని మాత్రమే లోపల ప్లాస్టిక్ పొరగల గోతములలో కట్టి, నేలకు తగులకుండ బల్లలమీద ఉంచవలెను.

పొలమును మరువరాదు

పట్టణమున అమ్మకముల సందడిలో నుండగా పొలమున వచ్చే సంవత్సరపు పంట మొలచుచుండును. ఈ నెలలో మూడు పనులు వాయిదా వేయరానివి.

(1) చెరకు కొట్టిన తోటను కార్శికి ఉంచువారు మోళ్లను వెంటనే నేలమట్టముగా చెక్కి, నీరు పెట్టి, ఎరువు వేయవలెను.

(2) ఎండుటాకును కాల్చరాదు. ఎండలో నిప్పురవ్వ ప్రక్కతోటకు పాకిన, ఏడాది కష్టము గడియలో బూడిదయగును. క్రొత్తగా నాటిన తోటలో నాటిన మూడవనాడు ఎకరమునకు 1.25 టన్నుల ఎండుటాకు కప్పిన తేమ నిలుచును, పీకపురుగును తగ్గును.

(3) లేత తోటలో మొవ్వు ఎండి, లాగిన ఊడివచ్చి, చెడువాసన కొట్టుచున్నచో అది పీకపురుగు. పిలకలు వేయు ఈ దశలో ఆరేడు దినములకొక తడి ఇచ్చుచుండవలెను. నాటిన నెల దినములు మొదలుకొని ట్రైకోగ్రామా పరాన్నజీవుల అట్టలను, ఎకరమునకు 20,000 చొప్పున, తోటలో కట్టుట మేలు.

సభ్యులారా! ఈ పనులకు క్రొత్త పెట్టుబడి స్వల్పము, కావలసినది ముందుచూపు. అచ్చులు చేయించుటకు, పొయ్యిలు చూచుటకు, అంగడి స్థలము పురపాలకసంఘమును అడుగుటకు కనీసము రెండు నెలలు పట్టును. కావున మాఘమాసములో జరుగు సంఘ సమావేశమునందే ఉగాది తేదీ చూచి, బెల్లమిచ్చు సభ్యుల పేర్లు వ్రాసికొని, పొయ్యిలు చూచు ఇద్దరిని నియమించుకొనవలెను. ఫాల్గుణము వచ్చిన పిమ్మట ఆలోచించిన ఆ సంవత్సరమునకు ఆలస్యమే.