గోడ క్యాలెండర్ మీద రోజుకో మాట

మా నాయిన షోలాపూర్‌లో ఒక టవళ్ల కార్ఖానాలో 22 ఏళ్లు సాంచెలు నడిపిండు. పని మానేసిన నాడు మేనేజరు ఇంగ్లిష్ కాయితం ముందరపెట్టి, "హిసాబ్ అయింది, సంతకం పెట్టు" అన్నాడట. పెట్టి వచ్చి, నకలు నా చేతికిచ్చి, "ఏం రాసిండ్రో చూడు బిడ్డా" అన్నాడు. నేను మరాఠీలో పదో తరగతి పాసయినదాన్ని. అక్షరాలు కూడబలుక్కున్నాను గానీ 'ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్' అంటే తెలియలేదు.

రావలసిందంతా ముట్టింది, ఇక బాకీ లేదని దాని అర్థమట. యూనియన్ ఆఫీసులో చదివి చెప్పారు. ముట్టనిది గ్రాట్యుటీ. ఏడాదికి 15 రోజుల పగారు లెక్కన 22 ఏళ్లది. సంతకంతో హక్కు పోదని వాళ్లు ధైర్యం చెప్పారు. అయినా పైసలు చేతికొచ్చేసరికి మూడేళ్లు పట్టింది. చెల్లె పెండ్లి అప్పుతోనే అయింది.

ఆ ఏడే గోడ క్యాలెండర్‌లో రోజుకో గడిలో ఒక ఇంగ్లిష్ మాట రాయడం మొదలుపెట్టాను. పుస్తకం కొనలేదు. ఇంట్లో కాయితాలే నా పుస్తకం. లైట్ బిల్లులో 'అరియర్స్', అంటే పాత బాకీ. మందుల పట్టీ మీద 'ఎక్స్‌పైరీ', అంటే గడువు. పగారు స్లిప్పులో 'డిడక్షన్', అంటే కోత.

రాసిన మాటను ఆ రాత్రి అన్నం తినేటప్పుడు ఒక్కసారన్నా వాడాలి. ఆదివారం అర్థాలు మూసిపెట్టి ఏడూ అడుగుతారు పిల్లలు. మరిచినవి మళ్లీ వచ్చే వారం గడుల్లోకి పోతాయి. మొదట్లో ఏడింట్లో నాలుగే నిలిచేవి. ఒక మాట చుట్టాలను కూడా తెస్తుంది. పని ఇచ్చేవాడు ఎంప్లాయర్, చేసేవాడు ఎంప్లాయీ. చెక్కు మీద డబ్బు అందుకునేవాడు పేయీ. మన తర్వాత పైసలు అందాలని ఎవరి పేరు రాస్తామో వాళ్లు నామినీ. చివర 'ఈ' చూస్తే ఇప్పుడు నాకు సగం అర్థం దొరుకుతుంది.

పోయిన నెల మా ఇంటాయన కార్ఖానా మారాడు. అదే తీరు కాయితం ఇంటికి తెచ్చాడు. సంతకం పెట్టకుండా తెచ్చాడు, నాకు అదే సంబురం. చదివి, "అంతా ముట్టిందని రాసుంది. ముందు లెక్క రాసిమ్మను" అన్నాను. మర్నాడు లెక్క వచ్చింది, దాంట్లో గ్రాట్యుటీ కూడా ఉంది.

అక్కలారా, ఇంట్లో చేతికందిన బిల్లు తీయండి. తెలియని మాట ఒక్కటే రాసుకోండి. మా నాయిన ఇప్పుడు రోజూ పొద్దున చాయ్ తాగుతూ అడుగుతాడు: "ఇయ్యాల ఏం మాట బిడ్డా?"